బ్లేడుకు రాని మీసం

తండ్రి పోయినవాడి మొహం మీద మీసం ఉండకూడదు. ఈ కట్టుబాటు నేను పెట్టింది కాదు గానీ, కంబదూరు పక్కన మా నాలుగూళ్ళలో దాన్ని అమలు చేసే పని మాత్రం నాది. మా తాత కత్తితో చేశాడు, మా నాయన కత్తితోనే చేశాడు, నేను బ్లేడు సగానికి విరిచి హోల్డరులో పెట్టి చేస్తున్నాను. పెళ్ళికొడుకు గడ్డం గీసేటప్పుడు ఈ నల్లప్ప నోటికి అడ్డూ ఆపూ ఉండదని ఊరంతా అంటారు. దినాల నాడు మాత్రం నేను నోరు మెదపను. అది మర్యాద అని ముప్ఫై ఏళ్ళుగా అనుకుంటూ వచ్చాను. ఎర్రిస్వామి దినాల నాడు ఆ మర్యాద మీద నాకే అసహ్యం వేసింది.

ఎర్రిస్వామిని ఆయన చేనులోనే పూడ్చారు. పదకొండో రోజు పొద్దున్నే బంధువులంతా అక్కడికి చేరారు. వాన పడి నలభై రోజులైంది. వేరుశనగ మొక్క కాయ పట్టే ఊడ నేలలోకి దిగకముందే వాడిపోయి, ఆకులు ముడుచుకుని ఉంది. స్నానాలకు నీళ్ళు ట్రాక్టరు మీద డ్రమ్ముల్లో తెచ్చారు. గట్టు మీది వేపచెట్టు కింద ఆడవాళ్ళు కూర్చున్నారు. వాళ్ళకు కాస్త ఎడంగా, కానుగ చెట్టు నీడలో గోనెసంచి పరిచి నేను నా మంగలి పొది విప్పాను. ఎర్రిస్వామికి ఒక్కడే కొడుకు, తిప్పేష్. వాడు వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

వాడి పెదవి గురించి ముందే చెప్పుకోవాలి. తిప్పేష్ గ్రహణం మొర్రితో పుట్టాడు. ఎడమ ముక్కుపుటం కింద పైపెదవి రెండుగా చీలి ఉండేది. ఆరేళ్ళప్పుడు బెంగళూరులో ఎవరో ఉచితంగా ఆపరేషన్ చేస్తారంటే తీసుకుపోయి కుట్టించారు. బాగానే కుట్టారు, మాట కూడా తేటగా వచ్చింది. కానీ కుట్టు పడిన చోట, వేలు వెడల్పున, వెంట్రుక మొలవలేదు. పదిహేడేళ్ళకు మీసం వచ్చినప్పుడు ఆ చోటు గొర్రెలు మేసిన పైరులా మిగిలిపోయింది. గీసే కొద్దీ ఒత్తుగా వస్తుందని ఎవరో చెప్పారట, వారం వారం నా దగ్గరికి వచ్చేవాడు. అక్కడ రాదని నాకు తెలుసు. ఆ మాట మొహాన చెప్పడానికి మనసొప్పక ఏడాది పాటు గీస్తూనే ఉన్నాను.

తర్వాత వాడు అనంతపురంలో ఒక బట్టల అంగట్లో పనికి కుదిరాడు. నా బ్లేడు అవసరం తీరిపోయింది. పోయినేడు పెళ్ళి సంబంధం వచ్చి ఊరికి వచ్చినప్పుడు చూస్తే, ఎక్కడా ఖాళీ లేని నిండు మీసం. నేను నోరు వెళ్ళబెట్టాను. "ఏం మందు పూసినావప్పా?" అని అడిగితే నవ్వి తప్పుకున్నాడు. పట్నంలో ఏదో నూనె దొరికి ఉంటుందనుకున్నాను. నా గీకుడే ఇన్నాళ్ళకు ఫలించిందేమోనని ఒక్క క్షణం మురిసిపోయాను కూడా, నా తెలివి అలాంటిది.

ఆ సంబంధం మడకశిర అవతల, కన్నడం కలిసిన ఊరిది. మాట్లాడి కుదిర్చింది ఎర్రిస్వామి తమ్ముడు శివప్ప. పిల్లవాడికి ఏ లోపమూ లేదని ఆయనే పిల్ల తండ్రి చేతిలో చేయి వేసి చెప్పాడు. మొర్రి పుట్టిన ఇంట్లో మళ్ళీ మొర్రి పుడుతుందని మా వైపు భయం, తెలిస్తే పిల్లనివ్వరు. అందుకని ఊరు ఊరంతా నోరు కుట్టేసుకుంది. పెళ్ళి భోజనాల్లో పిల్ల మేనమామ నా పక్కనే కూర్చుని, పిల్లవాడు ఎట్లాంటివాడని అడిగాడు. బంగారం అన్నాను. అబద్ధం కాదు, వాడు బంగారమే. అడిగింది దాని గురించి కాదని నాకూ తెలుసు.

ఆ పిల్ల, పుష్పావతి, ఇప్పుడు మూడో నెల కడుపుతో వేపచెట్టు కింద కూర్చుని ఉంది. కడుపుతో ఉన్నవాళ్ళు సమాధుల దగ్గరికి రాకూడదు. ఒక్కతే కోడలు, అత్తను పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరని గట్టు మీద దూరంగా కూర్చోబెట్టారు. భార్య కడుపుతో ఉంటే మొగుడు గుండు చేయించుకోకూడదనీ అంటారు. కన్నతండ్రి దగ్గర ఆ మాట చెల్లదు.

తల గొరగడం అయింది. మీసం పట్టుకున్నాను. కుడివైపు రెండు గీతల్లో పోయింది. ఎడమ కొస కూడా పోయింది. ముక్కు కింద వేలు వెడల్పు చోటు మాత్రం నల్లగా అలాగే ఉంది. బ్లేడు మొద్దుబారిందనుకుని కొత్తది వేశాను. మళ్ళీ గీస్తే వెంట్రుక తెగే చప్పుడే లేదు. తడిపి బొటనవేలితో రాసి చూశాను. నున్నగా ఉంది. కంటికి వెంట్రుక మొదళ్ళు కనిపిస్తున్నాయి, వేలికి ఏమీ తగలడం లేదు. ఇన్నేళ్ళ పనిలో నా కన్నూ నా వేలూ ఎప్పుడూ వేరు వేరు మాటలు చెప్పలేదు.

"అది రాదు మామా," అన్నాడు తిప్పేష్, పెదవి కదపకుండా.

"ఏమప్పా అది?"

"పచ్చ. అనంతపురంలో ఒక పార్లరులో పొడిపించుకున్నా. సూదితో సన్నంగా చుక్కలు పెడతారు, వెంట్రుకలు మొలిచినట్లే కనపడతాది. చుట్టూ మీసం పెంచుకుంటే దాంట్లో కలిసిపోతాదని చెప్పినారు."

"మరి మీసం తీస్తే?"

"అదొక్కటి అడగలేదు మామా. నాయన గుండ్రాయి మాదిరి ఉండె. ఇట్లాంటి దినం ఒకటి వస్తాదని నాకు తలపుకే రాలేదు."

పార్లరు వాళ్ళను అనడానికి లేదు. మీసం తీయనివాడికి చేసిన పని అది. తండ్రి పోతే మా ఊళ్ళో మీసం పోతుందని వాళ్ళకు ఎవరు చెప్పారు? వంగి దగ్గరగా చూశాను. చుక్కలు కొంచెం నీలం తిరిగి, మా అవ్వ చేతి మీది పచ్చబొట్టు రంగులోకి వస్తున్నాయి. వాటి మధ్యలో ఆ పాత కుట్టు గీత నిలువునా కనిపిస్తూనే ఉంది. ఇందాకటి దాకా రెండు వైపులా ఉన్న మీసం దాన్ని కాపాడింది. ఆ మీసం ఇప్పుడు నా గోనెసంచి మీద పడి ఉంది.

"ఎవురెవురికి తెలుసు?"

"నీకు. అంతే."

"ఆ పిల్లకు?"

తల అడ్డంగా ఊపాడు. "చెప్పాలనే అనుకుంటి. కడుపు నిలిచినాక ఇంగ నోరు రాలేదు. తెలిస్తే తొమ్మిది నెలలూ భయపడతా కూర్చుంటాది మామా."

"నీళ్ళు పోసుకో. తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకో, ఎండకన్నట్ల," అని పంపించాను. అంతకంటే గొప్ప ఉపాయం నాకు తట్టలేదు.

సమాధి మీద విస్తరి వేసి పిండం పెట్టారు. పక్కన ఎర్రిస్వామికి ఇష్టమైనవన్నీ పెట్టారు. రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి, కోడికూర, ఒక బీడీ కట్ట. దండం పెట్టుకుని అందరూ దూరంగా జరిగి కాకి కోసం చూశారు. కాకి వచ్చి ముడితే పోయినవాడు కడుపు నిండా తిని వెళ్ళాడని అర్థం. ముట్టకపోతే వాడికి ఇంట్లో ఏదో లోటు జరిగినట్టు.

మా వైపు కాకులు బాగా తగ్గిపోయాయి. గింజా నీళ్ళూ లేనిచోట అవి మాత్రం ఏం చేస్తాయి? ఈ సంగతి అందరికీ తెలుసు. అయినా దినాల నాడు ఎవరూ ఆ మాట ఎత్తరు. ఆ రోజు పక్క చేను కరెంటు తీగ మీద రెండు కాకులు వచ్చి కూర్చున్నాయి. విస్తరి వైపు చూశాయి. ముక్కులు తీగకు రుద్దుకున్నాయి. అక్కడే ఉండిపోయాయి.

అరగంట అయింది, గంట అయింది. ఎండ నెత్తికెక్కింది. పోయినవాడి మనసులో ఏం ఉండిపోయిందోనని ఒక్కొక్కరే మాట ఇవ్వడం మొదలుపెట్టారు. శివప్ప ముందుకు వచ్చి, "అన్నా, వదినను నేను చూసుకుంటా. గొర్రెలు అమ్మం. వచ్చి తిను," అన్నాడు. కాకులు కదల్లేదు. ఎవరో ముసలామె, పుట్టబోయే మనవడికి ఆయన పేరే పెడతామంది. అప్పుడూ కదల్లేదు. తిప్పేష్ తువ్వాలు చాటునుంచి, "నాయనా, తిను," అన్నాడు.

మాట ఇవ్వడానికి ఇక ఏమీ మిగలకపోతే మనుషులు తప్పు వెతుకుతారు. శివప్ప చూపు అటూ ఇటూ తిరిగి తిప్పేష్ మూతి మీది తువ్వాలు దగ్గర ఆగింది.

"ఎందుకప్పా అది? నాయనకు మొగం చూపియ్యవా?" అంటూ, కింద కుట్టు ఉందన్న సంగతే మరిచి లాగేశాడు. లాగి, అలాగే నిలబడిపోయాడు. "నల్లప్పా. కండ్లు యాడ పెట్టుకోనుండావు? మీసం ఉండాది గదా ఈడ."

అందరూ దగ్గరికి వచ్చారు. అందరికీ కనబడింది. కుడివైపు తెల్లగా గీసిన చర్మం, ఎడమ ముక్కు కింద నల్లటి పట్టీ. "పట్నం మీసం, ఇయ్యబుద్ధి కాలేదేమో," అన్నాడొకడు. "నాయన ఆకలితో ఆడ కూర్చోనుంటే కొడుకు మీసం దాచుకోనుండాడు," అన్నాడు ఇంకొకడు. మడకశిర వియ్యంకుడు కూడా లేచి వచ్చి తలల మధ్యనుంచి చూస్తున్నాడు. మొర్రి సంగతి ఎరిగినవాళ్ళే ఈ మాటలన్నీ అన్నది. ఆ ఖాళీ చోటు నిండడం కళ్ళారా చూసినవాళ్ళు, అది నిజం మీసమేనని నాలాగే నమ్మారు.

"అయిపోయింది శివప్పన్నా," అన్నాను. "ఇంగ గీకితే తోలు వస్తాది."

"తోలు వస్తే రానీ. కాకి తీగ మీదనే ఉండాది, చూడు. దేనికోసరం చూస్తాండాదో తెలిసిపాయ. గీకు."

తిప్పేష్ వచ్చి నా ముందు మళ్ళీ గొంతుక్కూర్చున్నాడు. నాకు మాత్రమే వినిపించేట్టు, "గీకు మామా. నెత్తురు వస్తే బ్లేడు కోసుకొనిందనుకుంటారు. పైన పసుపు అద్దు. కనపడదు," అన్నాడు.

గీశాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ గీశాను. గడ్డం పట్టుకుని తల వెనక్కు వంచి, ఆ వేలు వెడల్పు చోట పొడి చర్మం మీద బ్లేడు లాగాను. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. నెత్తురు పెదవి మీదికి, పళ్ళ మీదికి దిగింది. వాడి కళ్ళనుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. పటిక అద్దాను, ఆగలేదు. ఎవరో పసుపు తెచ్చారు. అద్దబోతుంటే శివప్ప నా చేయి పక్కకు తోసి, తడి తువ్వాలుతో తుడిచి చూశాడు. నెత్తురు కింద చుక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"మళ్ళీ గీకు," అన్నాడు.

అప్పుడైనా నేను నిజం చెప్పాల్సింది. అది నాకు సంబంధించిన సంగతి కాదని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం భయం. వియ్యంకుడు మూడడుగుల దూరంలో ఉన్నాడు, పెళ్ళిలో బంగారం అన్న నోరు నాది. చేయి మాత్రం ఇక లేవలేదు. బ్లేడు పట్టుకుని ఊరికే కూర్చున్నాను.

తిప్పేష్ లేచాడు. సమాధి వైపు నాలుగడుగులు వేసి, విస్తరి ముందు నిలబడి తండ్రికి చెప్పాడు.

"నాయనా, ఇది మీసం కాదు. మొర్రి కుట్టు మీద పొడిపించుకున్న పచ్చ. మొర్రి కనపడకూడదని పొడిపించుకున్నా. బ్లేడుకు రాదు. నేనేమీ దాచుకోలేదు నాయనా, ఇయ్యాల్సిందంతా ఇచ్చినా. ఇంగ నా దగ్గర ఏమీ లేదు. తిను."

వియ్యంకుడు అల్లుడి దగ్గరికి వచ్చి, నెత్తురు కారుతున్న పెదవిని వంగి చూశాడు.

"పుట్టుకతోనా?"

"ఊ."

ఆయన శివప్ప వైపు తిరిగాడు. పెళ్ళి మాటల నాడు చేతిలో చేయి వేసిన మనిషి ఇప్పుడు కాళ్ళ కింద మట్టి చూస్తున్నాడు. వియ్యంకుడు గొంతు పెంచలేదు. "ముందే చెప్పింటే పిల్లనిద్దునో లేదో నాకే తెలీదు. చెప్పకపోతిరి," అన్నాడు. పోయి గట్టు మీద ఒంటరిగా కూర్చున్నాడు.

ఇక అందరమూ తీగ వైపు చూశాం. దాచిందంతా బయట పడింది, పోయినవాడికి ఇక ఏ లోటూ లేదు, ఇప్పుడు వస్తుందని అందరూ అనుకున్నారు. నేను కూడా అనుకున్నాను. ఒక కాకి రెక్కలు విదిలించింది. తిప్పేష్ రెండు చేతులూ జోడించాడు. కాకులు రెండూ లేచాయి. లేచి, అటు తిరిగి, కంబదూరు దారిన ఎగిరిపోయాయి.

ఇంకో అరగంట చూసి శివప్ప, "ఇంగ చాలు. ఆవుకు పెట్టండి," అన్నాడు. కాకి రాని రోజున మా వైపు చేసేది అదే. పక్క చేనునుంచి ఒక బక్క ఆవును తోలుకొచ్చారు. అది పిండం నాకి, సంగటి సగం తిని, తల తిప్పేసుకుంది. తిప్పేష్ తువ్వాలు పెదవికి అదుముకుని సమాధి పక్కనే కూర్చుండిపోయాడు. వాడి దగ్గరికి పోయి ఏదైనా చెబుదామనుకున్నాను.

చేతులు కడుక్కుందామని డ్రమ్ము దగ్గరికి వెళ్ళాను. అది వేపచెట్టు పక్కనే ఉంది. తిప్పేష్ తల్లి హనుమక్క చెట్టు మొదట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంది. పొద్దున్నే గాజులు తీసేశారు, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఉంది. కొడుకు చెప్పింది గట్టు మీదికి అంతా వినిపించింది. పుష్పావతి ఆమె ముందుకు వచ్చి నిలబడింది.

"అత్తా."

హనుమక్క తలెత్తింది.

"గ్రహణం పొద్దు ఏం కోసినావు?"

కడుపుతో ఉన్న మనిషి గ్రహణం వేళ ఏదైనా కోస్తే లోపల బిడ్డ పెదవి తెగుతుందని అందరి నమ్మకం. ఈ ప్రశ్న హనుమక్కకు ఇరవై ఏడేళ్ళ పాతది. ఆమె అత్త అడిగింది. ఎర్రిస్వామి కొట్టి అడిగాడు. శివప్ప పదిమందిలో నిలబెట్టి అడిగాడు. ఎవరు ఎన్నిసార్లు అడిగినా ఆమె మాట మారలేదు. ఇప్పుడూ అదే చెప్పింది.

"ఏమీ కోయలేదమ్మా. ఆ యేడు కరువు. కోసేదానికి ఇంట్లో ఏముండె? చాప మీద పండుకోనుంటి, విడిచేదాకా లేయనే లేదు."

"ఏదో ఒకటి కోసింటావు. బాగా తలుచుకో."

"లేదు తల్లీ."

"ఊరికే ఎట్ల వస్తాది అత్తా?" పుష్పావతి వంగి ఆమె చేయి పట్టుకుంది. "ఏదో ఒకటి చేసే ఉంటావు. అదేందో చెప్పు, నేను దాని జోలికి పోను. నిన్ను ఏమీ అనను. నా బిడ్డ కోసరం అడుగుతాండా. ఏమీ కోయలేదంటే, నేను దేన్ని ముట్టకుండా ఉండేది?"

హనుమక్క ఆ పిల్ల మొహం వంక చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత చేనులో కొడుకు వైపు చూసింది. నేను చెంబు పట్టుకుని నీళ్ళు వంచడం మరిచిపోయాను.

"దోసకాయ," అంది హనుమక్క.

"దోసకాయేనా?"

"ఊ. సగం కోసినాక గ్రహణం పట్టినాదని తెలిసింది. తక్కిన సగం అట్లే పెట్టేస్తి."

పుష్పావతి ఊపిరి వదిలింది. అత్త పక్కన కూలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "నేను దోసకాయ ముట్టనులే అత్తా," అంది. "ముట్టొద్దమ్మా," అంది హనుమక్క.

గట్టు మీద వియ్యంకుణ్ణి బతిమాలుకుంటున్న శివప్ప చెవిన ఆ మాట పడింది.

"వింటివా బావా," అన్నాడు. "ఇన్నేండ్లకు ఒప్పుకొనింది."

హనుమక్క కాదనలేదు.